తీరము చేరని కావడి: టెరీ ఫాక్స్ జీవితము

కాశీకి పోయినవాడు గంగాజలమును కావడిలో నుంచుకొని రామేశ్వరమునకు మోసికొనిపోయి, అచట రామలింగేశ్వరునకు అభిషేకము చేయుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. మహారాష్ట్ర భక్తుడైన ఏకనాథుడు అట్లు కావడి మోయుచు పోవునపుడు, దాహముచే ప్రాణము విడువనున్న గాడిద యొకటి త్రోవలో కనబడగా ఆ జలమును దాని నోట పోసెనని కథ ప్రసిద్ధము. తోడి యాత్రికులు యాత్ర భంగమయ్యెనని వగచిరట. ఏకనాథుడు మాత్రము తన అభిషేకము అచ్చటనే నెరవేరెనని తృప్తి నొందెనట.

ఈ కథను తలచుకొనినపుడెల్ల, మనకు సమీపకాలముననే వేరొక ఖండమున జీవించిన ఒక యువకుని చరిత్ర జ్ఞప్తికి వచ్చును. అతడును ఒక సముద్రపు నీటిని సీసాలో పట్టుకొని, దానిని వేరొక సముద్రమున కలుపవలెనని బయలుదేరెను. అతనికి కుడికాలు లేదు. రెండు సముద్రముల నడుమ దూరము సుమారు 8,000 కిలోమీటర్లు. అతడు ఆ రెండవ సముద్రమును చేరలేకపోయెను. అయినను అతని యాత్ర నిష్ఫలమయ్యెనని చెప్పువారు నేడు లోకమున లేరు. అతడే కెనడా దేశీయుడైన టెరీ ఫాక్స్.

బాల్యము

టెరెన్స్ స్టాన్లీ ఫాక్స్ 1958వ సంవత్సరము జూలై 28వ తేదీన మానిటోబా రాష్ట్రమునందలి విన్నిపెగ్ నగరమున జన్మించెను. తండ్రి రోలండ్ రైల్వేలో ఉద్యోగి. తల్లి బెట్టీ. నలుగురు బిడ్డలలో టెరీ రెండవవాడు. 1966లో ఆ కుటుంబము దేశపు పడమటి కొననున్న బ్రిటిష్ కొలంబియాకు తరలివచ్చి, రెండేండ్ల పిదప పోర్ట్ కోక్విట్లమ్ అను పట్టణమున స్థిరపడెను.

ఆ బాలునియందు అసాధారణమైన ప్రతిభ యేదియు కానరాలేదు. కానరాదగినది పట్టుదల యొక్కటియే. పాఠశాలలో అతనికి బాస్కెట్‌బాల్ ఆటపై మక్కువ. కాని యెత్తు అయిదడుగులు మాత్రమే. ఆ యెత్తువానికి ఆ యాట పనికిరాదని, దూరపు పరుగులు అభ్యసించుట మేలని శిక్షకుడు సలహా యిచ్చెను. గురువు మాట కాదనలేక పరుగును అభ్యసించెను గాని బంతిని విడువలేదు. జట్టున 19 మంది యుండగా అతనిది 19వ స్థానము. ఆ యేడాది మొత్తమున అతనికి ఆడుటకు దొరికినది ఒక్క నిమిషము! అయినను వేకువనే లేచి అభ్యాసము చేయుచు, పదవ తరగతి నాటికి జట్టున ముఖ్యులలో ఒకడయ్యెను. పాఠశాల విడుచు నాటికి తన మిత్రుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి ఉత్తమ క్రీడాకారుడను బహుమానమును పంచుకొనెను. తరువాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున చేరి, వ్యాయామోపాధ్యాయుడు కావలెనని చదువు ప్రారంభించెను.

వ్యాధి

1976 నవంబరులో టెరీ నడుపుచున్న కారు మరియొక వాహనమును ఢీకొని, అతని కుడి మోకాలికి దెబ్బ తగిలెను. ఆ బాధ తగ్గినట్లే తగ్గి, మరల తలయెత్తెను. ఆటల కాలము ముగియువరకు అతడు దానిని ఎవ్వరికిని చెప్పలేదు. 1977 మార్చి నాటికి ఆ నొప్పి భరింపరానిదయ్యెను. వైద్యులు పరీక్షించి అది ఎముకకు పట్టిన రాచపుండని, అనగా క్యాన్సరని, నిర్ణయించిరి. కారు ప్రమాదమునకును ఈ వ్యాధికిని సంబంధము లేదని వారి యభిప్రాయము. మార్చి 9వ తేదీన న్యూ వెస్ట్‌మినిస్టర్ నందలి రాయల్ కొలంబియన్ ఆసుపత్రిలో మోకాలికి ఆరంగుళములు పైగా అతని కుడికాలిని తొలగించిరి. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరములు.

బ్రతుకుటకు అవకాశము సగమునకు సగమని, రెండేండ్లకు పూర్వమైనచో అది నూటికి పదునైదు పాళ్ళు మాత్రమే యుండెడిదని వైద్యులు చెప్పిరి. ఈ మాట టెరీ మనస్సున గాఢముగ నాటుకొనెను. ఆ రెండేండ్ల నడుమ ఎవ్వరో, ఎచ్చటనో ప్రయోగశాలలో కూర్చుండి చేసిన పరిశోధనవలననే తనకు ఈ అవకాశము లభించినదని అతడు గ్రహించెను. మొగము ఎరుగని మనుష్యులకు తాను ఋణపడి యుంటినని అతనికి తోచెను.

శస్త్రచికిత్సకు ముందటి రాత్రి అతని శిక్షకుడు ఒక పత్రికను తెచ్చి యిచ్చెను. అందు డిక్ ట్రామ్ అను ఒంటికాలి మనుష్యుడు కృత్రిమపాదముతో న్యూయార్కు మారథాన్ పరుగును పూర్తిచేసిన వృత్తాంతము కలదు. మారథాన్ అనగా 42 కిలోమీటర్లకు పైబడిన పరుగు. మరునాడు కాలు కోల్పోనున్న యువకుడు ఆ రాత్రి ఆ వృత్తాంతమును చదివెను. బీజము పడెను. అది మొలకెత్తుటకు మరియొక అనుభవము కావలసివచ్చెను.

ఆసుపత్రి గది

శస్త్రచికిత్స పిదప టెరీకి 16 నెలలపాటు కీమోథెరపీ అను తీవ్రమైన ఔషధచికిత్స జరిగెను. జుట్టు రాలిపోయెను. వాంతులతో శరీరము కృశించెను. కాని అతనిని కదల్చినది తన బాధ కాదు. ప్రక్క మంచములయందు తన యీడువారును, తనకంటె చిన్నవారును ఉండిరి. కొందరి మొగముల చిరునవ్వు ఒకనాడు ఉండి, మరునాడు ఉండెడిది కాదు. కొందరు ఆశ వదలుకొనిరి. కొందరు మంచము విడిచి పోయిరి, మరల రాలేదు.

చికిత్స ముగిసి అతడు బయటకు వచ్చునపుడు, తాను బ్రతికి పోవుచున్నాడు గాని ఆ మొగములును ఆ బాధయు ఆ గదిలోనే మిగిలిపోవుచున్నవన్న తలంపు అతనిని విడువలేదు. క్యాన్సర్ పరిశోధనకై దేశమున వినియోగపడుచున్న ధనము ఎంత స్వల్పమో తెలిసినపుడు అతనికి కోపము కలిగెను. ఆ కోపమును అతడు మాటలలో వ్యయము చేయక, ఒక సంకల్పముగ మార్చుకొనెను. ఒంటికాలితో దేశము ఈ కొన నుండి ఆ కొన వరకు పరుగిడి, పరిశోధనకై ద్రవ్యము సమకూర్పవలెను. ఇదియే ఆ సంకల్పము.

దుఃఖము కలిగినపుడు మనస్సు సాధారణముగ ముడుచుకొనిపోయి తన చుట్టును తానే తిరుగును. అదే దుఃఖము కొందరియందు గోడలను పడగొట్టి ఇతరుల దుఃఖమునకు ద్వారము తెరచును. టెరీయందు జరిగినది ఈ రెండవది. అతడు వేదాంతము చదివినవాడు కాడు. అయినను ప్రక్క మంచముమీది బిడ్డ నొప్పి తన నొప్పియే యని అతనికి ప్రత్యక్షముగ తెలిసెను.

సాధన

1979వ సంవత్సరారంభమున టెరీ పరుగు నభ్యసింప మొదలిడెను. నాటి కృత్రిమపాదము నడకకు చేసినదే గాని పరుగుకు చేసినది కాదు. అది ముందుకు వచ్చి నేలను తాకులోపల ఎడమకాలితో రెండుమారులు గెంతవలసి యుండెను. కోసిన కాలి మొండెము పాదపు గిన్నెలో రాచుకొని పుండ్లు పడి రక్తము కారెడిది. మొదటి ఇరువది నిమిషముల బాధను దాటినచో ఆపై పరుగు కొంత సులభమగునని అతడు అనుభవముచే తెలిసికొనెను. మొదట అర మైలు. తరువాత మైలు. ఇట్లు 14 నెలలలో 5,000 కిలోమీటర్లకు పైగా పరుగిడెను. నూరుదినములకు మించి ఒక్కనాడైన ఆపలేదు. క్రిస్మస్ పండుగనాడు మాత్రము తల్లి కోరినందున విశ్రమించెను.

ఆ నడుమ చక్రముల కుర్చీలలో కూర్చుండి ఆడు బాస్కెట్‌బాల్ జట్టున కూడ చేరి, జాతీయ విజేతలలో ఒకడయ్యెను. అతనిని ఆ జట్టునకు పిలిచినవాడు తరువాత కాలమున సుప్రసిద్ధుడైన రిక్ హాన్సన్. 1979లో ప్రిన్స్ జార్జ్ పట్టణమున జరిగిన 27 కిలోమీటర్ల పందెమున టెరీ అందరికంటె కడపటివాడై చేరెను. అతనికి ముందు వచ్చినవాడు పది నిమిషములకు పూర్వమే ముగించెను. అయినను చూపరులు కంట తడిపెట్టి కరతాళధ్వనులు చేసిరి. అటుపిమ్మటనే అతడు తన అసలు సంకల్పమును తల్లికి తెలిపెను. ఆమె వలదని గట్టిగా వారించెను. కడకు బిడ్డ పట్టుదలకు లొంగి, అటుపై జీవితాంతము అతని కార్యమునకే తన్ను సమర్పించుకొనెను.

కెనడా క్యాన్సర్ సంఘమునకు అతడు 1979 అక్టోబరులో లేఖ వ్రాసెను. సంఘమువారికి మొదట నమ్మకము కుదరలేదు. వైద్యుని ధ్రువపత్రము కోరిరి. పరీక్షలో అతని గుండెయొక్క ఎడమ భాగము పెద్దదైయున్నట్లు తేలెను. అయినను అతడు వెనుదీయలేదు. వాహనమును, ఇంధనమును, పాదరక్షలను కొన్ని సంస్థలు సమకూర్చినవి. ఈ యాత్రవలన ఎవ్వరును లాభము పొందరాదని నియమము పెట్టుకొని, తమ సరకులకు ప్రచారము చేయుమని యడిగినవారి సహాయమును అతడు నిరాకరించెను.

యాత్ర

1980 ఏప్రిల్ 12వ తేదీన, దేశపు తూర్పు కొనయగు న్యూఫౌండ్లండ్ నందలి సెయింట్ జాన్స్ రేవున టెరీ తన కృత్రిమపాదమును అట్లాంటిక్ సముద్రమున ముంచి, రెండు సీసాలలో ఆ నీటిని పట్టుకొనెను. ఒకటి తన జ్ఞాపకార్థము. రెండవది పడమటి కొననున్న విక్టోరియా నగరమున పసిఫిక్ సముద్రమున పోయుటకు. ఈ యాత్రకు ఆశా మారథానని పేరు. దినమునకు 42 కిలోమీటర్లు పరుగిడవలెనని నియమము. వాహనమును నడుపుచు, అన్నము వండుచు, బాల్యమిత్రుడు డగ్ వెంట నుండెను.

తొలిదినములలో పెనుగాలి, వాన, మంచు. త్రోవలో గుర్తించినవారు అరుదు. న్యూఫౌండ్లండ్ నందలి పోర్ట్ ఓ బాస్క్ అను చిన్న పట్టణమున మాత్రము, జనులు సుమారు 10,000 మంది యుండగా, 10,000 డాలర్లు ప్రోగయ్యెను. తలకొక డాలరు! ఆ లెక్క టెరీ మనస్సున నిలిచిపోయెను. దేశజనులు 2 కోట్ల 40 లక్షలమంది. ఒక్కొక్కరు ఒక్క డాలరు ఇచ్చిన చాలునని అతడు నాటినుండి చెప్పుచుండెను. గొప్పవాడొకడు పెద్దమొత్తమిచ్చుటకంటె, ప్రతివాడును కొంచెము ఇచ్చుటయే అతనికి ప్రియము.

ఇచట అతని లోపములను దాచుట న్యాయము కాదు. ఇరుకైన వాహనమున రాత్రింబవళ్ళు కలిసియున్న మిత్రులిద్దరికిని కలతలు పుట్టెను. టెరీ అలసినపుడు కోపిష్ఠి. కడకు ఇరువురికిని మాటలు లేకపోయినవి. తల్లిదండ్రులు హాలిఫాక్సుకు వచ్చి సమాధానపరచవలసివచ్చెను. పిదప తమ్ముడు డారెల్ న్యూ బ్రున్స్‌విక్ రాష్ట్రమున వారితో కలిసికొనగా, అతని హాస్యప్రియత్వమువలన ఆ వాహనమున మరల నవ్వు వినబడెను.

క్విబెక్ రాష్ట్రమున ప్రజల భాష ఫ్రెంచి. వీరికి ఆ భాష రాదు. అతడెవ్వడో, ఎందులకు పరుగిడుచున్నాడో తెలియక వాహనములవారు అతనిని త్రోవనుండి తప్పుకొనుమని బూరలు మ్రోగించిరి. జూన్ 22న మాంట్రియల్ చేరునప్పటికి త్రోవలో మూడవవంతు గడచెను. ప్రోగైన ద్రవ్యము 2 లక్షల డాలర్లు. ఆ దశలో ఇసడోర్ షార్ప్ అను హోటళ్ళ యజమాని అతని వార్త వినెను. షార్ప్ రెండేండ్లకు పూర్వము తన కుమారుని క్యాన్సరువలననే పోగొట్టుకొనినవాడు. తాను మైలునకు రెండు డాలర్లు ఇచ్చుటయేగాక, వేయి సంస్థలను అట్లే ఇండని కోరెను. పుత్రశోకము ఇట్లు సేవగా మారెను.

ఒంటారియో రాష్ట్రమున అడుగిడినది మొదలు జనసమ్మర్దమే. ఒట్టావాలో గవర్నర్ జనరలును, ప్రధానమంత్రియు అతనిని కలిసికొనిరి. జూలై 11న టొరంటోలో 10,000 మంది అతని కొరకు గుమిగూడిరి. ఆ యొక్క దినమున లక్ష డాలర్లు వచ్చినవని అంచనా. అయినను మరునాడు తెల్లవారకముందే అతడు మరల త్రోవపై నుండెను. కీర్తి వచ్చినను దినచర్య మారలేదు.

సుపీరియర్ సరస్సు తీరమునందలి టెరేస్ బే అను ఊర పదేండ్ల బాలుడొకడు అతనిని చూడవచ్చెను. ఎముక క్యాన్సరు వలననే ఆ బిడ్డయు ఒక కాలు కోల్పోయెను. చికిత్సవలన వాని తలపై వెంట్రుకలు లేవు. వారిరువురు సరస్సులో కలిసి ఈతలాడిరి. టెరీ పరుగిడుచుండగా ఆ బాలుడు సైకిలుపై కొన్ని మైళ్ళు వెంబడించెను. మూడేండ్లకు పూర్వము ఆసుపత్రి గదిలో విడిచివచ్చితినని తాను బాధపడిన మొగమే అప్పుడు త్రోవపై తన వెంట వచ్చుచున్నట్లుండెను. యాత్రయంతటిలోను తనకు మిక్కిలి ఉత్సాహము కలిగించిన దినమదియేయని అతడు తలచెను.

దేహము, వ్రతము

ఆలోచనాపరుడైన చదువరికి ఇచట ఒక సందేహము కలుగక మానదు. అప్పటికి టెరీకి చీలమండ వాచెను. మోకాలు వాచెను. మొండెముపై బొబ్బలు లేచెను. తల తిరుగుచుండెను. అయినను అతడు క్రమముగ వైద్యపరీక్షలు చేయించుకొనుటకు సమ్మతింపడయ్యెను. మూఢమైన పట్టుదలతో దేహమును పీడించు తపస్సు తామసమని గీత బోధించును. శరీరము ధర్మసాధనమని పెద్దలు చెప్పుదురు. మరి టెరీ చేసినది మెచ్చదగినదేనా?

ఎముక రాచపుండు ఊపిరితిత్తులకు ప్రాకుట ఆ వ్యాధికి సహజమైన గుణము. పరుగే దానిని తెచ్చెనని చెప్పరాదు. అయినను వైద్యులను దూరముంచుట వివేకము కాదనియే చెప్పవలెను. ఈ విషయమున అతనిని అనుకరింపుడని ఎవ్వరికిని చెప్పలేము. కాని తామసతపస్సునకు లక్షణము మొండితనము మాత్రమే కాదు. ఆ మొండితనము ఎవరికొరకన్నది కూడ చూడవలెను. టెరీ తన దేహమును పీడించి తన ఘనతను చాటుకొన దలచినవాడు కాడు. కృత్రిమపాదమును దాచక పొట్టిలాగు ధరించి పరుగిడినది, అట్టి అంగవైకల్యము సిగ్గుపడవలసినది కాదని పిల్లలకు చూపుటకు. వచ్చిన ప్రతి డాలరును పరిశోధనకే పోయెను. అతని వివేకమున లోపముండవచ్చును గాని, సంకల్పమున స్వార్థము లేదు. మహాత్ముల చరిత్రలను చదువునపుడు ఈ రెంటిని వేరుచేసి చూచుట మనకు మేలు.

నిలిచిన పరుగు

1980 సెప్టెంబరు 1వ తేదీన థండర్ బే పట్టణము దాపున పరుగిడుచుండగా టెరీకి తీవ్రమైన దగ్గును, రొమ్మునొప్పియు కలిగెను. ఏమి చేయుటకును తోచక నిలిచెను. కాని త్రోవ కిరుప్రక్కల జనులు నిలిచి ఉత్సాహపరచుచుండిరి. వారు కనుమరుగగువరకు మరికొన్ని మైళ్ళు పరుగిడి, పిమ్మట వాహనమెక్కి ఆసుపత్రికి కొనిపొమ్మని డగ్గును కోరెను. క్యాన్సరు ఊపిరితిత్తులకు వ్యాపించెనని పరీక్షలో తేలెను. 143 దినములలో అతడు పరుగిడిన దూరము 5,373 కిలోమీటర్లు. మూడవవంతు త్రోవ యింకను మిగిలియుండెను.

ఆ నాటికి ప్రోగైనది 17 లక్షల డాలర్లు. వారము తిరుగకముందే అతని పేర జరిగిన టెలివిజన్ కార్యక్రమము ద్వారా 1 కోటి 5 లక్షల డాలర్లు చేరినవి. మిగిలిన దూరమును అతని బదులు తాము పరుగిడెదమని కొందరు ముందుకు రాగా అతడు అంగీకరింపలేదు. తన వ్రతమును తానే ముగింపవలెనని అతని కోరిక. ఆ యొక్క కోరికయే తీరలేదు. తక్కినవన్నియు తీరినవి. 1981 ఫిబ్రవరి 1 నాటికి మొత్తము 2 కోట్ల 41 లక్షల డాలర్లయ్యెను. దేశజనులు ఎందరో, అన్ని డాలర్లు! ఆర్డర్ ఆఫ్ కెనడా అను పురస్కారమునందలి అత్యున్నత శ్రేణిని పొందినవారిలో అతడు మిక్కిలి పిన్నవయస్కుడు.

కీమోథెరపీయు, ఇంటర్‌ఫెరాన్ అను నూతనౌషధమును ప్రయోగించినను వ్యాధి తగ్గలేదు. 1981 జూన్ 28వ తేదీ వేకువజామున, కాలు తొలగించిన ఆ రాయల్ కొలంబియన్ ఆసుపత్రిలోనే, కుటుంబమువారు చుట్టునుండగా టెరీ కన్నుమూసెను. 23వ జన్మదినమునకు ఇంకను ఒక నెల యుండెను. దేశమంతట పతాకములను సగమునకు దించిరి.

కావడి పంచుకొనినవారు

టెరీ థండర్ బేలో నిలిచిన కొలదికాలమునకే ఇసడోర్ షార్ప్ అతనికొక వార్త పంపియుండెను. అతని పేర ఏటేట పరుగు జరుపుదునని ఆ వార్త. టెరీ సమ్మతించి ఒక్క నియమము పెట్టెను. అందు పోటీ యుండరాదు. గెలుపోటములు ఉండరాదు. పరుగిడగలవారు పరుగిడవచ్చును, నడువగలవారు నడువవచ్చును. 1981 సెప్టెంబరు 13న జరిగిన మొదటి పరుగున 3 లక్షలమంది పాల్గొని 35 లక్షల డాలర్లు ఇచ్చిరి. పిదప అది అనేక దేశములకు వ్యాపించెను. మన దేశమున ముంబయి, చెన్నై నగరములందు కూడ జరిగినది. నేటివరకు క్యాన్సర్ పరిశోధనకై అతని పేర ప్రోగైన ద్రవ్యము 85 కోట్ల డాలర్లను మించినది. ఎముక క్యాన్సరు వచ్చినవారిలో అనేకులకు నేడు కాలు తీయకయే చికిత్స చేయగలుగుచున్నారు. టెరీ కోల్పోయిన కాలు నేడు వేరొక బిడ్డకు నిలుచుచున్నది.

అట్లాంటిక్ నీటిని పసిఫిక్ సముద్రమున పోయు భాగ్యము టెరీకి కలుగలేదు. కర్మయోగి కర్మను ఫలాపేక్ష లేక చేయవలెనని వినుట సులభము. ఫలము కంటికి ఎదుట నుండగా త్రోవలో నిలిచిపోవలసివచ్చినపుడు ఆ మాట ఎంత కఠినమో తెలియును. ఇరువది రెండేండ్ల ఆ యువకుడు కన్నీరు పెట్టలేదని ఎవ్వరును చెప్పలేరు. అయినను దాహార్తుని నోటిలో పోసిన జలము రామేశ్వరమును చేరలేదని మనము అనుకొనము. ఆసుపత్రి గదిలో ఒక బిడ్డ మొగమున చిరునవ్వు మరునాడుకూడ నిలిచియున్నచో, ఆ కావడి అచ్చటికే చేరినది.

మన యిరుగుపొరుగుననే అట్టి గదులు కలవు. అట్టి మొగములు కలవు. అందరును దేశము ఈ కొన నుండి ఆ కొనకు పరుగిడనక్కరలేదు. టెరీ యడిగినది తలకొక డాలరే. మనకు చేతనైన కొలది సేవను, అది ఎంత చిన్నదైనను, ఇతరులవైపు చూడక మన వంతుగా అర్పింపగలిగిన నాడు, ఆ మిగిలిన త్రోవలో ఒక అడుగు మనమును వేసినవారమగుదుము.